ఎముకలు విరగడం రద్దయిన ఊరు

మంగతాయారు మణికట్టు విరిగేనాటికి సిరివాడ పట్టణంలో ఎముకలు విరగడం రద్దయి వారం కావస్తోంది.

ఆ సంగతి ఆమెకు తెలియదని కాదు. బస్‌స్టాండు ఎదురుగా, మార్కెట్ మొగలో, చివరికి శ్మశానం గోడమీద కూడా 'అస్థిభంగ రహిత పట్టణానికి స్వాగతం' అని నీలం అక్షరాలతో రాయించారు. అంత స్పష్టంగా రాసిన తర్వాత కూడా ఎముక విరగ్గొట్టుకోవడం పౌరబాధ్యత లేకపోవడమేనని మునిసిపాలిటీవారు తర్వాత అభిప్రాయపడ్డారు.

మంగతాయారుకి డెబ్భై ఒకటో ఏడు. మనిషి పుల్లలా ఉంటుంది, మాట సూదిలా ఉంటుంది. మార్కెట్ వీధిలో ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు. జాకెట్లు కుట్టడం ఆమె వృత్తి. ఆమె కత్తిరించిన జాకెట్టు భుజం దగ్గర ముడత పడదని సిరివాడలో ఆడవాళ్ళ నమ్మకం. మిషను తొక్కడానికి ఎవరినైనా పెట్టుకోవచ్చు గాని, గుడ్డమీద కత్తెర నడిపించే ఆ కుడిచెయ్యి మాత్రం ఇంకెవరికీ లేదు. ఆ చెయ్యి ఆగిందంటే పొయ్యి ఆగినట్టే.

ఆ ఉదయం దుకాణం తలుపు తీసి అరుగుమీద కాలు పెట్టింది. అరుగంతా సున్నం నీళ్ళు. కాలు జర్రున జారింది. కుడిచెయ్యి నేలకు ఆనించి పడింది. లోపల ఎక్కడో ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. లేచి చూసుకుంటే మణికట్టు ఉండాల్సిన చోట చిన్న గూని కనిపించింది.

అరుగుమీదికి సున్నం నీళ్ళు ఎలా వచ్చాయో తెలియాలంటే పురపాలక కమిషనరు సర్వోత్తమరావుగారు ఆ సంవత్సరం మొదట్లో ఓ చల్లటి కొండ ఊరికి శిక్షణకు వెళ్ళిన సంగతి చెప్పాలి.

అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక వృద్ధుల ఎముకల గురించి ఒక ఉపన్యాసం జరిగింది. మిగతా అధికారులందరూ హాయిగా నిద్రపోయారు. సర్వోత్తమరావుగారొక్కరే మెలకువగా ఉన్నారు. ప్రమాదమంతా అక్కడే జరిగింది.

వయసు మీదపడేకొద్దీ ఎముక లోపల గుల్లబారుతుందని, చిన్న దెబ్బకే విరుగుతుందని ఉపన్యాసకురాలు వివరించింది. ఎవరికి ఆ ముప్పు ఎక్కువో తెరమీద చూపించింది. వయసు పైబడడం, ఆడవాళ్ళయి ఉండడం, ముట్లు త్వరగా ఆగిపోవడం, మరీ సన్నగా ఉండడం, తల్లికో తండ్రికో తుంటి విరిగి ఉండడం, అంతకుముందే తమకో ఎముక విరిగి ఉండడం, ఎండ తగలకపోవడం, ఆహారంలో కాల్షియం చాలకపోవడం, కదలకుండా కూర్చోవడం, పొగ, మందు, ఏళ్ళ తరబడి వాడే కొన్ని మాత్రలు. వీటికి ప్రమాద కారకాలని పేరు. వీటిలో కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు, ఉన్నవాటిని తగ్గించుకుంటే విరగడమూ తగ్గుతుంది అని ఆమె ముగించింది.

కారకాలు లేకపోతే విరగడమే ఉండదు అని సర్వోత్తమరావుగారు విన్నారు.

ఊరికి తిరిగివచ్చిన మర్నాడే 'అస్థి రక్ష' పథకం మొదలైంది. ఒక్కో కారకాన్నీ ఒక్కో శాఖకు అప్పగించారు. ఎండ వెలుతురుకి సంబంధించినది కాబట్టి వీధిదీపాల విభాగానికి వెళ్ళింది. వారు అరవై దాటిన వారి ఇళ్ళముందు పెద్ద దీపాలు బిగించి, పగలు వెలిగించారు. వ్యాయామం పార్కుల విభాగానికి వచ్చింది. వారు పార్కులో కసరత్తు పరికరాలు పెట్టించి, ముసలివాళ్ళు ఎక్కి పడిపోకుండా వాటికి తాళాలు వేశారు. మందు అనే కారకాన్ని తీసుకోవలసిందిగా ఎక్సైజు శాఖను కోరగా, తమ లక్ష్యాలు వేరని వారు మర్యాదగా తప్పుకున్నారు. ఆడవాళ్ళయి ఉండడం అనే కారకాన్ని స్థానికంగా తొలగించడం కష్టమని తేలి, పై అధికారులకు నివేదించారు. జవాబు ఇంకా రాలేదు.

కాల్షియం మాత్రం ఇంజనీరింగ్ విభాగానికి వెళ్ళింది. కాల్షియమంటే సున్నమేనని, సున్నం తమ విభాగంలో పుష్కలంగా ఉందని అసిస్టెంట్ ఇంజనీరు లేచి నిలబడి చెప్పారు. వృద్ధులున్న ప్రతి ఇంటికీ లోపలా బయటా పూతమీద పూతగా రెండు చేతులు వెల్లవేశారు. ఎముకలు మరీ బలహీనంగా ఉన్నవారికి మూడో చెయ్యి కూడా వేశారు.

మంగతాయారుకి మూడో చెయ్యి పడింది. అరుగుమీది నీళ్ళు దాని తాలూకువే.

ఆమెకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, సర్వే చేసిన రోజున ఒక్కో కారకానికి ఒక్కో ఎర్రగుర్తు పెడితే, ఊరు మొత్తంలో అందరికన్నా ఎక్కువ ఆమె పేరుకే పడ్డాయి. అధికారులు ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చారు. వయసు తహశీల్దారుగారి పరిధిలోది. ఆయన ఒక్క సంతకంతో ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు చేశారు. దాంతో తునిలో ఉన్న కూతురు ఆమెకన్నా పెద్దదైపోయింది. అదలా ఉంచితే, ముట్లు ఆగిన సంవత్సరం మారలేదు గనుక, కొత్త వయసు ప్రకారం అవి ఆమెకు ఇరవై ఆరో ఏటే ఆగినట్టు కంప్యూటరు లెక్కగట్టి ఇంకో ఎర్రగుర్తు పెట్టింది. ఆలోచించి, అసలు ఆగనే లేదని దిద్దారు. అప్పటినుంచి నెలనెలా ఆశా కార్యకర్త వచ్చి, తల వంచుకుని, ఓ ప్యాకెట్టు ఇచ్చి పోతోంది. మంగతాయారు వాటిని భుజాలకి మెత్తలుగా కుట్టడానికి వాడుకుంటోంది.

బరువు చాలలేదంటే కుట్టుమిషనుతో కలిపి తూచారు. ఇక మిగిలింది తల్లి తుంటి. మంగతాయారు తల్లి బావి దగ్గర పడి తుంటి విరిగి, పోయేదాకా కుంటింది. ఆ తుంటి విరగలేదని, ఆవిడ నడకే అంతని, ఆవిడ పోయాక పుట్టిన ఇద్దరు పెద్దమనుషులు సాక్ష్యం చెప్పారు.

అలా ఆమె ఎర్రగుర్తులన్నీ, మిగతావాళ్ళవి చాలావరకూ పోయాక ఊరిని అస్థిభంగ రహితంగా ప్రకటించారు. సరిగ్గా ఆ తర్వాత ఈవిడ జారిపడింది.

*

ఎదురింటి ఏసుబాబు ఆటో తీసుకొచ్చాడు. వరసకి ఏమీ కాకపోయినా పిన్నిగారూ అంటాడు. చేతికింద దిండు పెట్టి, గోతులు తప్పించుకుంటూ సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఎముకల డాక్టరు నీలకంఠం యాభై ఏళ్ళ మనిషి. మెత్తనివాడు. ఆమె చెయ్యి చూడగానే మొహం చిట్లించాడు. వేళ్ళు కదపమన్నాడు, తిమ్మిరి ఉందేమో అడిగాడు. తర్వాత వెళ్ళి గది తలుపు మూసివచ్చాడు.

"విరిగిందా బాబూ?" అంది మంగతాయారు.

"అమ్మా, నేను ఎముకల డాక్టర్ని. ఆ మాట నా నోట రాకూడదు."

కిందటి వారమే సర్క్యులర్ వచ్చిందట. ఆసుపత్రి ఆవరణలో ఆ మాట వాడరాదు. మరీ అవసరమైతే 'తాత్కాలిక అస్థి అసమన్వయం' అనవచ్చు. ఎక్స్‌రే తీద్దామంటే ఆ గదికి సీలు వేశారు. ఆ యంత్రం కొన్నప్పటినుంచే ఊళ్ళో విరిగిన ఎముకల సంఖ్య పెరిగిందని కమిషనరుగారు అంకెలతో సహా రుజువు చేశారట. సిమెంటు కట్టు వేద్దామంటే, సామాను కావాలని అడిగేటప్పుడు కారణం చూపించాలి. కారణం ఊళ్ళో లేదు.

ప్రైవేటువాళ్ళ సంగతేమిటని ఏసుబాబు అడిగాడు. ఒక ప్రైవేటు డాక్టరు మొన్ననే ఒక ముసలాయన కాలికి పట్టీ వేసి లైసెన్సు పోగొట్టుకున్నాడని నీలకంఠం చెప్పాడు.

చివరికి మెత్తటి గుడ్డ చుట్టి, మెడకు వేలాడదీసి, గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. పది రోజుల లోపల ఎముకను సరిగ్గా లాగి నిలబెట్టి కట్టు వెయ్యాలి. దాటితే వంకరగా అతుక్కుంటుంది. వంకరగా అతుక్కుంటే ఆ చెయ్యి చెంబు ఎత్తుతుంది, తలుపు తీస్తుంది. కత్తెర మాత్రం పట్టదు.

*

మర్నాడు ఆమె కమిషనరుగారి దగ్గరికి వెళ్ళింది. సర్వోత్తమరావుగారు ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, చాలా ఓపికగా మాట్లాడారు.

"భావోద్వేగాలకు తావివ్వకుండా తార్కికంగా పరిశీలిద్దాం అమ్మా. కారణం లేనిదే కార్యం సంభవించదు. మీ విషయంలో అన్ని కారణాలనూ ఈ ప్రభుత్వం ఖర్చుకు వెనకాడకుండా తొలగించింది. నలభై తొమ్మిదేళ్ళ వయసు, చక్కని బరువు, దృఢమైన తల్లిగారు. ఇన్ని ఉండగా ఎముక విరగడానికి అవకాశం ఎక్కడుంది?"

"అవకాశం లేకుండానే విరిగిందండి."

"అలా అనిపించడం సహజం."

మంగతాయారు గుడ్డ విప్పి గూని చూపించింది. ఆయన చూడలేదు. కిటికీవైపు తిరిగి, తాను చూసినట్టయితే తెలిసినట్టవుతుందని, తెలిస్తే నివేదించవలసి వస్తుందని, రాజధానినుంచి పరిశీలన బృందం రాబోతున్న తరుణంలో అది ప్రజాప్రయోజనానికి విరుద్ధమని వివరించారు. పైగా ఒకసారి విరిగినట్టు ఒప్పుకుంటే, ముందే ఎముక విరిగి ఉండడం అనే కొత్త ఎర్రగుర్తు ఆమెకు జన్మంతా ఉండిపోతుందని, ఆమె మేలుకోరే తాను అంగీకరించడం లేదని కూడా చెప్పారు.

"మరి నా చెయ్యేం కావాలండి?"

"నిరీక్షిద్దాం," అన్నారు కమిషనరుగారు. "సమన్వయం అదే ఏర్పడుతుంది."

బయటికి వచ్చాక ఏసుబాబు ఆటో స్టార్ట్ చేస్తూ, ఈ ఊరుకాకపోతే ఇంకో ఊరు, కాలవ దాటితే గన్నేరుపాడు లేదా అన్నాడు. గన్నేరుపాడు వేరే మునిసిపాలిటీ. అక్కడ ఇంకా ఎముకలు విరుగుతున్నాయని వినికిడి.

కాలవ వంతెనమీద కొత్తగా వెదురుబొంగు అడ్డం పెట్టి ఉంది. పక్కన డేరా, దానిమీద 'అస్థి సమగ్రతా తనిఖీ కేంద్రం' అని గుడ్డ. సిరివాడలో లేని వస్తువు సిరివాడనుంచి బయటికి పోకుండా చూడడం దాని పని. డేరాలో కూర్చున్న హోంగార్డు ఆటోలోకి తొంగిచూసి, అరవై దాటినవారు చప్పట్లు కొట్టాలన్నాడు.

"నాకు నలభై తొమ్మిదే నాయనా," అంది మంగతాయారు, శాలువా కింద చెయ్యి దాచుకుని.

హోంగార్డు ఆమెను కిందినుంచి పైకి చూశాడు. "అయితే మరీ తేలికండి. కొట్టండి."

ఏసుబాబు గొంతు సవరించుకుని, అసలు ఆర్డర్లో ఏం రాశారో చదివి వినిపించమన్నాడు. హోంగార్డు జేబులోంచి కాయితం తీసి, కూడబలుక్కుంటూ చదివాడు. 'ప్రయాణికుని అస్థి సమగ్రతను నిర్ధారించు నిమిత్తము చప్పట్ల శబ్దము స్పష్టముగా వినబడవలెను.'

"శబ్దం వినబడాలన్నాడు గదా," అంది మంగతాయారు. "చేతులు కనబడాలన్నాడా?"

లేదని హోంగార్డు ఒప్పుకున్నాడు. ఆమె ఎడంచెయ్యి బయటికి పెట్టి ఏసుబాబు వీపుమీద మూడుసార్లు బలంగా కొట్టింది. శబ్దం అవతలి గట్టుదాకా వినిపించింది. హోంగార్డు రిజిస్టరులో టిక్కు పెట్టి, బొంగు ఎత్తాడు.

"కాస్త చిన్నగా కొట్టాల్సిందండి," అన్నాడు ఏసుబాబు వంతెన దిగాక.

ఇంత చేసి గన్నేరుపాడు ఆసుపత్రికి వెళితే, సూపరింటెండెంటు ఆమె ఆధార్ కార్డు చూసి రెండు చేతులూ జోడించాడు. సిరివాడవాళ్ళకి ఎముకలు విరగవని గెజిట్‌లో అచ్చయింది, విరిగిందని తాను రాస్తే ప్రభుత్వాన్ని కాదన్నట్టే. అదీగాక, వచ్చేనెల తమ ఊరినీ రహితంగా ప్రకటించబోతున్నారు. ఈ చివరి రోజుల్లో పక్క ఊరి ఎముక తమ లెక్కలో పడితే ఇన్నాళ్ళ కృషీ మట్టిపాలు.

"కట్టు వెయ్యండి చాలు, రాయకండి," అంది ఆమె.

"రాయకుండా వేస్తే వైద్యం కాదమ్మా, అది ఆప్యాయత," అన్నాడాయన. "ఆప్యాయతకి మాకు పద్దు లేదు."

*

పది రోజుల్లో సగం గడిచిపోయాయి. నొప్పికి నిద్రలేదు. తీసుకున్న జాకెట్టు గుడ్డలు తిరిగి ఇచ్చేస్తోంది. ఒకావిడ పెళ్ళిజాకెట్టు వెనక్కి తీసుకుంటూ, మీరు కుట్టనంటే పెళ్ళే వాయిదా వేసుకోవాలేమో అని నవ్వబోయి, మంగతాయారు మొహం చూసి ఆగిపోయింది. ఎడంచేత్తో పాత పేపరుమీద కత్తెర నడిపించి చూసుకుంది మంగతాయారు. పేపరు ఎలక కొరికినట్టయింది.

ఊళ్ళో పెద్దవాళ్ళనందరినీ అప్పటికే కమ్యూనిటీ హాలుకి చేర్చారు; రికార్డుల్లో నలభై తొమ్మిదేళ్ళదైన మంగతాయారుని మాత్రం వదిలేశారు. పరిశీలన బృందం వచ్చి వెళ్ళేదాకా ఎవరూ నడవకూడదు. నడిస్తేనే కదా పడేది. ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టి, కిటికీలు మూసి, పొద్దున్నా సాయంత్రం కదలకుండా ఉండడంవల్ల లాభాలు అనే విషయంమీద ప్రసంగాలు ఇప్పించారు. కదలకపోవడం కూడా కారకమే గదా అని ఒక రిటైర్డు మాస్టారు అడిగాడు. ఆ కారకం పార్కుల విభాగానిదని, హాలు పార్కుల విభాగం కిందికి రాదని సమాధానమిచ్చారు.

ఆ సమయంలో కమిషనరుగారు స్వయంగా మంగతాయారు దుకాణానికి వచ్చారు. మొహంలో కత్తివేటుకి నెత్తురు లేదు.

సంగతేమిటంటే, ఊళ్ళో ఒక ఆదర్శ అస్థి మహిళను ఎంపిక చెయ్యమని రాజధానివారు అడిగారు. కంప్యూటరు అందరి వివరాలూ జల్లెడ పట్టి ఒక్క పేరు బయటికి ఇచ్చింది. ఒక్క ఎర్రగుర్తు కూడా లేని మనిషి. మంగతాయారు. పేరు రాజధానికి వెళ్ళిపోయింది, ఫొటో బ్యానర్లమీదికి ఎక్కింది, అదనపు కార్యదర్శి హేమనళినిగారు వేదికమీద ఆవిడతో కరచాలనం చేస్తామని సెలవిచ్చారు.

"ఏ చేత్తోనండి?" అంది మంగతాయారు.



ఆమె నలభై ఏళ్ళనుంచి పెళ్ళివారితో బేరమాడుతున్న మనిషి. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలుసు. నా చేతికి ఈ సాయంత్రం కట్టు పడితే వేదిక ఎక్కుతాను, ఫొటోలోలాగే నవ్వుతాను అంది. పడకపోతే, వేదిక ఎక్కి ఈ చేత్తోనే దణ్ణం పెడతాను అంది.

"కానీ కట్టు కనబడుతుంది కదమ్మా," అన్నారు కమిషనరుగారు. "అస్థిభంగ రహిత పట్టణంలో అందరిమధ్యా ఒక్కరికే కట్టు ఉంటే ఎంత ఎబ్బెట్టు?"

అని, అక్కడే ఆగిపోయారు. ఆయన మొహంలోకి నెమ్మదిగా రంగు తిరిగివచ్చింది. కొండ ఊరి ఉపన్యాసంలో వచ్చినట్టే ఏదో ఆలోచన వచ్చిందని మంగతాయారు గ్రహించలేదు గాని, భయం మాత్రం వేసింది.

"ఒక్కరికే ఉంటేనే కదా," అన్నారాయన.

ఆ సాయంత్రమే 'నివారణ కట్టు' ఉత్తర్వు వెలువడింది. విరిగిన తర్వాత కట్టు వెయ్యడం పాతకాలపు ఆలోచన అని, విరగకముందే వెయ్యడం సిరివాడ ప్రపంచానికి అందిస్తున్న నమూనా అని అందులో ఉంది. అరవై దాటిన ప్రతివారికీ, వారితోపాటు ఆదర్శ అస్థి మహిళకీ, కుడిచేతికి మోచేతినుంచి వేళ్ళ కొసలదాకా సిమెంటు కట్టు. వేళ్ళలోనూ ఎముకలుంటాయి కాబట్టి వాటినీ కప్పెయ్యాలి. ప్రజలకు ఆదర్శంగా ఉండడం కోసం కమిషనరుగారు రెండు చేతులకూ వేయించుకుంటారు.

డాక్టర్ నీలకంఠం మొట్టమొదట మంగతాయారునే పిలిచాడు. మత్తిచ్చి, ఎముకను లాగి నిలబెట్టి, ఒళ్ళు దగ్గరపెట్టుకుని కట్టు వేశాడు. తర్వాత లోపల ఏమీ విరగని చేతులకి రెండు రోజులపాటు సున్నం కొట్టేవాళ్ళ సాయంతో కట్లు వేస్తూనే ఉన్నాడు.

పరిశీలన సభ బ్రహ్మాండంగా జరిగింది. హాల్లో వందల తెల్లచేతులు ఒక్కసారి పైకి లేచేసరికి హేమనళినిగారికి కళ్ళు చెమర్చాయి. కరచాలనం కుదరలేదు గనుక కట్టుకు కట్టు తాకించి నమస్కరించుకునే కొత్త మర్యాదను ఆవిడే అక్కడికక్కడే ప్రవేశపెట్టారు. చప్పట్లు కొట్టమంటే హాలంతా గోడకి సుత్తి తగిలినట్టు టకటకమంది. ఈ నమూనాను అన్ని జిల్లాలకూ విస్తరింపజేస్తామని ప్రకటించి వెళ్ళారు.

*

నెలన్నర తర్వాత మంగతాయారు కట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. నీలకంఠం మళ్ళీ వెళ్ళి తలుపు మూశాడు.

విరిగినవాళ్ళకి వేసే కట్టయితే అతుక్కున్నాక తీస్తారు. ఇది నివారణ కట్టు. నివారణకు గడువు లేదు. తీయాలంటే లబ్ధిదారు ఎవరైనా కుడిచేత్తో స్వయంగా అర్జీ రాసి సంతకం పెట్టాలి, ఎడంచేతి సంతకం చెల్లదు. అలాంటి అర్జీ ఒక్కటి వస్తే ఊరందరి కట్లూ తొలగించే అధికారం కమిషనరుగారికుంది. ఆయన నోటిమాటే చాలు. కాని కుడిచేత్తో అర్జీ రాయగల లబ్ధిదారు ఊళ్ళో లేడు.

నీలకంఠం ఇంకో మాట కూడా చెప్పాడు. వాడకుండా ఉన్న ఎముక నానాటికీ గుల్లబారుతుంది. ఇన్ని వందల మంచి చేతులు సిమెంటు లోపల ఇప్పుడు అదే పనిలో ఉన్నాయి. ఇంకా ఆలస్యమైతే కట్లు తీసిన రోజున పాలగిన్నె ఎత్తినా విరుగుతాయి.

మంగతాయారు తిన్నగా ఆటో ఎక్కింది. వంతెనమీద హోంగార్డుకి కూడా ఆదర్శంగా ఉండాలని కట్టు వేసేశారు. కట్ల టకటకల్లో ఏమీ తేలకపోవడంతో తనిఖీ ఎత్తేశారని, బొంగు ఎత్తే చెయ్యి లేదని, కాస్త మీరే ఎత్తుకుని వెళ్ళండని అతను ఏసుబాబుని బతిమాలాడు.

గన్నేరుపాడు సూపరింటెండెంటు ఈసారి నిరాకరించలేదు. కట్టు వేస్తే లెక్కలోకి వస్తుంది గాని తీస్తే రాదట. రంపం పెట్టి కోసి, చెయ్యి బయటికి తీశాడు. చెయ్యి సన్నబడింది, చర్మం పొట్టు రాలుతోంది. కాని మణికట్టు తిన్నగా ఉంది. గూని లేదు. రోజూ వేడినీళ్ళలో పెట్టి వేళ్ళు ఆడించమని, తొందరపడి బరువులు ఎత్తొద్దని, ఎండలో కాసేపు నడవమని చెప్పి పంపాడు. ఆమె ఆటోలో కూర్చుని దారిపొడుగునా వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ వచ్చింది.

వారం తిరక్కుండా సర్వోత్తమరావుగారు వచ్చారు.

రెండు చేతులూ పక్కలకు చాపి, దిష్టిబొమ్మలా గుమ్మంలో నిలబడ్డారు. వెంట ఎవరూ లేరు. మనిషి చిక్కిపోయారు. ఇంట్లో ఆవిడ అన్నం తినిపించడం మానేసి పుట్టింటికి వెళ్ళిందని మార్కెట్‌లో చెప్పుకుంటున్నారు. మంగతాయారు ఆ వేళ నెమ్మదిగా, తెల్లగుడ్డమీద కత్తెర నడిపించి చూసుకుంటోంది. కోత తిన్నగా వస్తోంది. తల ఎత్తకుండానే లోపలికి రమ్మంది.

ఆయన పక్కవాటుగా గుమ్మం దాటి వచ్చి నిలబడి, జేబులోంచి కాయితం తీసుకోమని గడ్డంతో సైగ చేశారు. తీసింది. అర్జీ నమూనా. నాకు ఏ ఎముకా విరగలేదు, నివారణ కట్టువల్ల అపారమైన ప్రయోజనం పొందాను, ప్రయోజనం పూర్తయింది కాబట్టి తొలగించ ప్రార్థన. కింద సంతకానికి చోటు.

"మీరొక్కరే రాయగలరమ్మా," అన్నారాయన. "మీరు రాయండి, నేను నోటితో ఆమోదిస్తాను. సాయంత్రానికి ఊరంతా విముక్తం."

మంగతాయారు కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివింది. తర్వాత కలం తీసుకుంది. ఆయన ఊపిరి వదిలారు.

"మొదటి లైను మారుస్తానండి," అంది. "నా మణికట్టు విరిగింది, కట్టు వేస్తే అతికింది అని రాస్తాను. కిందంతా మీ ఇష్టం."

అది అసాధ్యమని ఆయన చెప్పారు. ఈ పథకానికి వచ్చిన అవార్డు ప్రదానం వచ్చే సోమవారమని, పదమూడు జిల్లాల్లో కట్లు మొదలయ్యాయని, ఈ దశలో ఒక్క మణికట్టు మొత్తం రాష్ట్రాన్ని వెనక్కి లాగుతుందని చెప్పారు. ఒక వ్యక్తి వాస్తవంకన్నా విస్తృత ప్రజాప్రయోజనం ముఖ్యమన్నారు.

"సిమెంటు లోపల ఉన్న చేతులన్నీ గుల్లబారిపోతున్నాయని డాక్టరుబాబు చెప్పాడు. అది ప్రజల ప్రయోజనం కాదా అండీ?"

"అది నా దృష్టికి రాలేదు."

"ఇప్పుడు తెచ్చాను గదా."

ఆయన కిటికీవైపు తిరగబోయారు. దుకాణానికి కిటికీ లేదు. కాసేపు గోడవైపు చూసి, ఈ విషయాన్ని పునఃపరిశీలిద్దామని చెప్పి, గుమ్మంవైపు కదిలారు. దుకాణం తలుపు రెండు రెక్కలది. ఒక రెక్కే తెరిచి ఉంది. చాపిన చేతులతో అడ్డంగా పట్టక, పక్కకు తిరిగారు. పక్కకు తిరిగితే గడప కనబడలేదు. కాలు తట్టుకుంది. పట్టుకోవడానికి ద్వారబంధం పక్కనే ఉంది, పట్టుకునే చేతులు లేవు. సగం లోపలా సగం బయటా, పెట్టె పడినట్టు పడ్డారు.

చప్పుడు మంగతాయారుకి తెలిసిన చప్పుడే.

ఆమె కలం పక్కన పెట్టి వచ్చి చూసింది. ఆయన ఎడమకాలు మోకాలి కింద తిరగకూడని వైపు తిరిగి ఉంది. నుదుటినిండా చెమట పట్టింది. పెదవులు కొరుక్కుంటున్నారు. వీధిలో ఎవరో ఆగారు. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"విరిగిందా అండీ?" అంది ఆమె వంగి, నెమ్మదిగా.

సర్వోత్తమరావుగారు ఆమెను, వీధిలో ఆగినవాళ్ళను చూశారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినట్టే కనిపించింది.

"ముందా తలుపు వేసెయ్యండమ్మా," అన్నారు చివరికి. "ఎవరైనా చూస్తారు."

మంగతాయారు లేచి, ఆయన్ని దాటుకుని, కుడిచేత్తో గడియ తీసి తలుపు రెండో రెక్క కూడా బార్లా తెరిచింది.